లిఫ్ట్ చేసిన జిప్సీలో వణుకు: ట్రాన్స్‌ఫర్ కేసు మార్చే ముందు ఇవి చూడండి

ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లు ఇంకొందరు చదువుతారు కాబట్టి మీ ప్రశ్న ముందు క్లుప్తంగా. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 1.3 ఎంపీఎఫ్ఐ (పెట్రోల్ ఇంజెక్షన్ ఇంజిన్) మారుతి జిప్సీ. వెనక పొడుగు షాకిళ్లు (కమాను చివరను ఛాసిస్‌కి వేలాడదీసే లంకెలు), అదనంగా ఒక కమాను పట్టీ వేసి రెండంగుళాలు లేపించారు. 235/75 ఆర్15 మడ్ టైర్లు ఎక్కించారు. పనిలో పనిగా వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌ను తిప్పే గొట్టం) క్రాసులు, అంటే దాని చివరల్లో వంగే జాయింట్లు కూడా మార్పించారు. అప్పటి నుంచి మీటర్ 55 దాటితే కాళ్ల కింద నేల వణుకుతోంది, 65 దగ్గర గేర్ రాడ్ జిల్లుమంటోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ, వదిలితే కాస్త తగ్గుతోంది. గ్యారేజీ అతను ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) పోయింది, నలభై వేలవుతుంది అన్నాడు. మీ దగ్గరున్నది పది వేలు.

పది వేలు చాలు. బహుశా అందులో సగం కూడా కాదు. ట్రాన్స్‌ఫర్ కేసు జోలికి ఇప్పుడే పోకండి. దాని లోపల బేరింగో పళ్లో పోతే ముందు ఊళ లాంటి శబ్దం వస్తుంది, ఆయిల్‌లో ఇనుప రజను కనిపిస్తుంది. డ్రెయిన్ బోల్ట్ విప్పి కాస్త ఆయిల్ తెల్ల గుడ్డ మీద పోసి ఎండలో చూడండి. సన్నటి బూడిద రంగు పేస్టు ఉంటే అది మామూలు అరుగుదల. మెరిసే రేకు ముక్కలు కనిపిస్తే అప్పుడు దాని సంగతి మాట్లాడుకుందాం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం మొదట షాఫ్ట్ బిగించిన తీరు మీద, తర్వాత ఆ పొడుగు షాకిళ్ల మీద, ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు రబ్బర్ల మీద. ఈ మూడూ చూడటానికి స్పానర్లు, ఫోను, ఒక ఆదివారం ఉంటే చాలు.

జిప్సీ అమరిక ముందు మనసులో పెట్టుకోవాలి. చాలా ఫోర్ బై ఫోర్లలో గేర్‌బాక్స్ వెనకే ట్రాన్స్‌ఫర్ కేసు అతుక్కుని ఉంటుంది. జిప్సీలో అలా కాదు, అది విడిగా ఛాసిస్‌కి రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. గేర్‌బాక్స్ నుంచి దానికి ఒక పొట్టి షాఫ్ట్ వెళ్తుంది. దాన్నుంచి ముందు యాక్సిల్‌కి ఒకటి, వెనక యాక్సిల్‌కి ఒకటి. మొత్తం మూడు షాఫ్ట్‌లు, ఆరు క్రాసులు. ఇది తలనొప్పే కానీ, వణుకు ఎక్కడిదో కనిపెట్టేటప్పుడు ఇదే వరం, ఎందుకంటే ముందు, వెనక షాఫ్ట్‌లను ఒక్కోటిగా విడదీసి బండి నడిపి చూడొచ్చు, పొట్టిదాన్ని బండి ఆపే పరీక్షించొచ్చు. ఇంకో సంగతి: గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు రెండూ ఛాసిస్ మీదే ఉన్నాయి కాబట్టి ఎంత లిఫ్ట్ చేసినా పొట్టి షాఫ్ట్ కోణం మారదు. అది మారిందంటే మౌంట్లు కూలబడ్డాయనే అర్థం.

ఇప్పుడు కాస్త లెక్క. భయపడకండి, ఏ భాగం ఎంత వేగంతో తిరుగుతోందో తెలిస్తే సగం పని అయిపోతుంది. మీ టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండుంబావు మీటర్లు వెళ్తుంది. అసలు వేగం గంటకు 80 కి.మీ. అయితే చక్రం సెకనుకి పది సార్లు తిరుగుతున్నట్టు. డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని పళ్ల పెట్టె) నిష్పత్తి నాలుగుకి కాస్త తక్కువ, కాబట్టి వెనక షాఫ్ట్ సెకనుకి 38 సార్ల చుట్టుపక్కల. ట్రాన్స్‌ఫర్ కేసు 2హెచ్‌లో (వెనక చక్రాలే తిప్పే మామూలు స్థానం) కూడా వేగాన్ని 1.4 వంతున తగ్గిస్తుంది కాబట్టి దాని ముందున్న పొట్టి షాఫ్ట్ ఇంకా వేగంగా, సెకనుకి 53 సార్లు తిరుగుతుంది. క్రాస్ కోణం వల్ల వచ్చే వణుకు షాఫ్ట్ ఒక్క చుట్టుకి రెండు సార్లు వస్తుంది, అంటే వెనక షాఫ్ట్‌దైతే 75 పైన. మీ బండి డిఫరెన్షియల్ నిష్పత్తి కచ్చితంగా తెలియాలంటే వెనక ఒక చక్రమే జాకీ మీద లేపి, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో పెట్టి, ఆ చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మీద పెట్టిన సుద్ద గీత ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. మిగతా మూడు చక్రాలకు అడ్డు పెట్టడం మరచిపోకండి.

అన్నట్టు, పెద్ద టైర్ల వల్ల మీ స్పీడోమీటర్ దాదాపు పది శాతం తక్కువ చూపిస్తోంది. కంపెనీ టైరు 205/70 ఆర్15. దాని వ్యాసం 67 సెం.మీ. లోపు, మీది 73 దాటింది. మీటర్‌లో 65 అంటే నిజానికి 71. లెక్కలకు ఫోన్‌లో జీపీఎస్ వేగమే తీసుకోండి.

ఈ సంఖ్యలు చేతి అంచనాతో పట్టలేం కానీ ఫోన్ పడుతుంది. ఫైఫాక్స్ అని ఒక యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ నగరంలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది, పూర్తిగా ఉచితం. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అనే ప్రయోగం తెరిచి, ఫోన్‌ను రెండు సీట్ల మధ్య నేల మీద టేపుతో గట్టిగా అతికించండి. మ్యాట్ మీద కాదు, రేకు మీద. పక్క సీట్లో ఒక మనిషి ఉండాలి, నడుపుతూ ఫోన్ చూడటం వద్దు. స్థిరంగా 60 మీద కాసేపు వెళ్తే గ్రాఫ్‌లో ఒక ముల్లు పైకి లేస్తుంది. అది సెకనుకి 7, 8 సార్ల దగ్గరుంటే టైరు లేదా రిమ్. 28 దగ్గరుంటే వెనక షాఫ్ట్ బ్యాలెన్స్. 40 దగ్గరుంటే పొట్టి షాఫ్ట్. 56 దగ్గరుంటే వెనక క్రాసుల కోణం లేదా అమరిక. ఒక చిక్కు: కొన్ని చవక ఫోన్ల సెన్సర్ సెకనుకి వంద సార్లే కొలుస్తుంది, అలాంటి ఫోన్ 50 పైన ఉన్నదాన్ని చూపించలేదు. వేగం తగ్గించి చూస్తే ఆ ముల్లు 50 లోపలికి దిగుతుంది. కాకపోతే వణుకు కూడా తగ్గుతుంది.

ఫోన్ లేకుండా చేసే పరీక్షలు ఇంకా ముఖ్యం. తెల్లవారుజామున ఖాళీగా ఉండే సర్వీస్ రోడ్డు చూసుకోండి. వణుకు బాగా తెలిసే వేగంలో క్లచ్ నొక్కి న్యూట్రల్ చేసి వదిలేయండి. ఇంజిన్ ఐడిల్‌కి వచ్చినా వణుకు అలాగే ఉంటే ఇంజిన్, క్లచ్ నిర్దోషులు. తర్వాత అదే వేగాన్ని నాలుగో గేర్లో ఒకసారి, ఐదో గేర్లో ఒకసారి పట్టి చూడండి. గేరు మారినా వణుకు మారకపోతే అది గేర్‌బాక్స్ వెనక ఉన్నదే. తొక్కితే పెరిగి, వదిలితే తగ్గడం మీ బండిలో ఉంది కదా, అది మంచి ఆధారం. తొక్కినప్పుడు వెనక యాక్సిల్ మెలితిరిగి పినియన్ (షాఫ్ట్ తిప్పే డిఫరెన్షియల్ చిన్న పళ్ల చక్రం) ముక్కు పైకి లేస్తుంది. ఆ ముక్కు ముందే ఎక్కువ పైకి ఉంటే తొక్కినకొద్దీ పరిస్థితి ముదురుతుంది. దీనికి తిరగబడి, వదిలినప్పుడే వణికే బండి అయితే నేను పినియన్ బేరింగ్ లూజు మీద ముందు అనుమానపడేవాణ్ణి.

జిప్సీలో సులువుగా చేయగల పరీక్ష ఒకటుంది. బండి ఆపి, నాలుగు చక్రాలకు అడ్డు పెట్టి, ట్రాన్స్‌ఫర్ లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టండి. గేర్‌ను నాలుగులో వేసి క్లచ్ వదలండి. బండి కదలదు, కానీ గేర్‌బాక్స్, పొట్టి షాఫ్ట్ తిరుగుతుంటాయి. నాలుగో గేర్ వేగం మార్చకుండా నేరుగా తిప్పే గేర్ కాబట్టి పొట్టి షాఫ్ట్ ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది. మెల్లగా మూడు వేలకు తీసుకెళ్లండి. అది సెకనుకి 50 చుట్లు, రోడ్డు మీద 75 వేగంతో సమానం. ఇక్కడే గేర్ రాడ్ జిల్లుమంటే దోషం పొట్టి షాఫ్ట్‌ది లేదా దాని ముందుది, వెనక యాక్సిల్ దగ్గర ఒక్క బోల్టు కూడా విప్పనక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉంటే వెనక్కి వెళ్దాం. బరువు పడనప్పుడు దాక్కునే లోపాలు ఉంటాయి కాబట్టి ఇది నూటికి నూరు శాతం తీర్పు కాదు, కానీ డబ్బు ఖర్చు లేకుండా ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు.

విప్పే ముందు బండిని కడగండి. నవ్వకండి. వర్షాకాలంలో నల్లరేగడిలో తిరిగొచ్చిన బండికి రిమ్ లోపలి వైపు అరకిలో మట్టి ఎండి అతుక్కుని ఉంటుంది, బయట నుంచి కనిపించదు. చక్రాలు విప్పి లోపలి అంచు గీకండి, షాఫ్ట్ గొట్టం మీద గట్టిపడిన మట్టి కూడా గీకండి. బ్యాలెన్స్ సీసం ముక్కలు రాలిపోయాయేమో చూడండి. ఒక్కో చక్రాన్ని లేపి, ఒక కర్రను టైరుకి వేలెడు దూరంలో నిలబెట్టి తిప్పితే టైరు గుడ్డు ఆకారంలో ఉందా, రిమ్ వంకరా అన్నది ఇట్టే తెలుస్తుంది. మడ్ టైర్లు కొంత మోత చేస్తాయి, కొంత వణుకుతాయి, అది వాటి స్వభావం. అనుమానం తీరాలంటే తెలిసినవాళ్ల జిప్సీ నుంచి కంపెనీ చక్రాలు ఒక గంట అప్పు తెచ్చుకుని నడపండి. వణుకు మాయమైతే షాఫ్ట్‌ల గొడవే లేదు.

కిందికి వెళ్లే ముందు ఒక మాట కచ్చితంగా చెప్పాలి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కింద తల పెట్టకండి. స్టాండ్లు కొనండి, లేదా చక్రాలు నేల మీదే ఉంచి పని చేయండి, లిఫ్ట్ చేసిన జిప్సీ కింద పడుకోవడానికి చోటు బాగానే ఉంటుంది. వెనక షాఫ్ట్ విప్పిన క్షణం నుంచి గేర్‌లో పెట్టడం వల్ల వెనక చక్రాలు ఆగవు. సమతలం, అడ్డుచెక్కలు తప్పనిసరి.

ఇక అసలు పని. గేర్ న్యూట్రల్, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్. వెనక షాఫ్ట్‌ను ఒక చేత్తో, పినియన్ ఫ్లాంజ్‌ను (షాఫ్ట్‌ను బోల్టులతో బిగించే పలక) ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి, తర్వాత పైకీ కిందికీ లాగండి. క్రాస్ దగ్గర ఏ కొంచెం టిక్ మన్నా అది పోయినట్టే. క్రాస్ నాలుగు చివరలకు ఉండే కప్పుల అంచున ఇటుక రంగు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎండి సూదులు (సన్నటి బేరింగ్ రోలర్లు) తుప్పుపట్టాయని అర్థం. కొత్త క్రాసులు కదా అని వదిలేయకండి. సుత్తితో కొట్టి బిగించేటప్పుడు లోపల ఒక సూది అడ్డంగా పడిపోతే కప్పు చివరిదాకా దిగదు, లాక్ రింగ్ సగమే కూర్చుంటుంది. అలా బిగిస్తే షాఫ్ట్ అర మిల్లీమీటరు ఒక పక్కకి జరిగి తిరుగుతుంది, అంతే చాలు వణకడానికి. నాలుగు కప్పుల దగ్గరా లాక్ రింగ్ గాడిలో పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడండి.

ఇప్పుడు నేను మొదట చూడమన్న చోటు. షాఫ్ట్ రెండు ముక్కలు, మధ్యలో పళ్ల గొట్టం, ఒకటి ఇంకోదానిలోకి జారుతుంది. షాఫ్ట్ రెండు చివరలా చెవులుంటాయి, క్రాస్ కప్పులు కూర్చునేవి. ముందు చివర చెవులు నిలువుగా ఉన్నప్పుడు వెనక చివర చెవులు కూడా అచ్చంగా నిలువుగానే ఉండాలి. షాఫ్ట్ చివర నుంచి ఒక కన్ను మూసి తుపాకీ గురి చూసినట్టు చూడండి, లేదా రెండు చివరలా చెవుల మీద ఇనుప స్కేలు ఆనించి ఫోన్‌లో కోణం కొలవండి. రెండూ ఒకటే రావాలి. చాలా షాఫ్ట్‌ల మీద కలపడానికి గుర్తు ఉంటుంది, కానీ పెయింటు, మట్టి కింద అది కనబడదు. క్రాసులు మార్చేటప్పుడు పని సులువని షాఫ్ట్‌ను రెండుగా లాగేసి, తిరిగి దొరికిన పంటి మీద దూర్చేయడం మన దగ్గర మామూలు. ఒక్క పన్ను తేడా వచ్చినా కోణం చెడుతుంది, తొంభై డిగ్రీల తేడా వస్తే రెండు క్రాసుల దోషం రద్దు కావాల్సింది పోయి రెట్టింపవుతుంది. లారీ మెకానిక్కులకు ఇది కొట్టిన పిండి, కార్లు మాత్రమే చూసే కుర్రాళ్లకు తెలియకపోవడం వింత కాదు, వాళ్లు రోజూ చూసే ముందు చక్రాల కార్లలో ఈ షాఫ్టే ఉండదు.

ఇది ఎందుకింత ముఖ్యమో చెబుతాను. క్రాస్ జాయింట్ కోణంలో తిరిగేటప్పుడు ఒక వైపు సమంగా తిరిగినా రెండో వైపు ప్రతి చుట్టులో రెండు సార్లు వేగం పుంజుకుని రెండు సార్లు తగ్గుతుంది. పది డిగ్రీల కోణంలో ఈ హెచ్చుతగ్గు ఒకటిన్నర శాతం, ఇరవై డిగ్రీలైతే ఆరు శాతం దాటుతుంది. కోణం రెట్టింపైతే గొడవ నాలుగింతలన్నమాట. రెండో క్రాస్ ఈ తేడాను అచ్చంగా తిరగేసి రద్దు చేస్తుంది, కానీ రెండు షరతుల మీద: చెవులు ఒకే వరసలో ఉండాలి, రెండు క్రాసుల దగ్గరా కోణం సమానంగా ఉండాలి. కాబట్టి లిఫ్ట్ వల్ల కోణం పెరిగింది, అందుకే వణుకు అనే మాట సగమే నిజం. కోణం పెరిగినా రెండు చివరలా సమంగా పెరిగితే జిప్సీ ఆ రెండంగుళాలను బాగానే భరిస్తుంది.

సమంగా ఉందో లేదో కొలవడానికి ఫోన్‌లో ఉన్న లెవెల్ యాప్ చాలు. బండి సమతలం మీద, తన బరువు చక్రాల మీదే ఉండాలి. యాక్సిల్ వేలాడుతుంటే కొలతలన్నీ తప్పే. మూడు చోట్ల కొలవండి: ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఫ్లాంజ్, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజ్. ఫ్లాంజ్ ముఖం నిలువుగా ఉంటుంది కాబట్టి దాని మీద ఫోన్ ఆనిస్తే నిలువు నుంచి ఎంత వాలిందో అదే దాని ఇరుసు వాలు. ఒక ఉదాహరణ: ట్రాన్స్‌ఫర్ ఇరుసు వెనక్కి 3 డిగ్రీలు వాలింది, షాఫ్ట్ 15 డిగ్రీలు, పినియన్ ఇరుసు 6. అప్పుడు ముందు క్రాస్ కోణం 12, వెనక క్రాస్ కోణం 9. తేడా 3. ఒక డిగ్రీ లోపు తేడా ఉంటే మంచిది, మూడు అంటే కాళ్ల కింద తెలుస్తుంది.

ఆ 3 డిగ్రీల తేడా ఎక్కడి నుంచి వచ్చిందంటే పొడుగు షాకిల్ నుంచే. జిప్సీ వెనక కమాను ముందు చివర పిన్ను మీద స్థిరంగా, వెనక చివర షాకిల్ మీద ఊగుతూ ఉంటుంది. షాకిల్‌ను రెండంగుళాలు పొడిగిస్తే కమాను వెనక చివర ఆ మేరకు కిందికి దిగుతుంది, యాక్సిల్ మధ్యలో ఉంది కాబట్టి బండి లేచేది ఒక్క అంగుళమే. కానీ కమాను మొత్తం వెనక్కి వాలుతుంది, దాని మీద కూర్చున్న యాక్సిల్ కూడా వాలి పినియన్ ముక్కు పైకి చూస్తుంది. కమాను పొడవు మీటరు దగ్గర ఉంటే ఈ వాలు దాదాపు మూడు డిగ్రీలు. అదనపు పట్టీ మాత్రం యాక్సిల్‌ను నేరుగా కిందికి నెడుతుంది, కోణాల సమానత్వాన్ని పెద్దగా చెడగొట్టదు. అందుకే నా ఓటు ఎప్పుడూ పట్టీలకే. పొడుగు షాకిల్ చవక, కానీ ముందు వేస్తే స్టీరింగ్ క్యాస్టర్ (చక్రం మళ్లే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి బండి రోడ్డు మీద ఊగిసలాడుతుంది, వెనక వేస్తే ఇదిగో ఇలా.

కాబట్టి చెవుల వరస సరిచేశాక కూడా వణుకు మిగిలితే వెనక పాత షాకిళ్లు తిరిగి వేసి ఒక రౌండ్ కొట్టండి. పాత ఇనుము పారేయలేదనే ఆశిస్తున్నాను. వణుకు పోతే కారణం రుజువైంది. అంగుళం ఎత్తు పోయినా పరవాలేదనుకుంటే అక్కడితో ఆపేయండి, రూపాయి ఖర్చు లేదు. ఎత్తు కావాలంటే కమానుకీ యాక్సిల్‌కీ మధ్య ఒక వైపు మందంగా, ఇంకో వైపు పలుచగా ఉండే వాలు షిమ్ ముక్కను లేత్ షాపులో కోయించాలి. జిప్సీలో యాక్సిల్ కమాను పైన కూర్చుంటుంది కాబట్టి షిమ్ మందం వైపు వెనక్కి వస్తే పినియన్ ముక్కు కిందికి దిగుతుంది. కమానును యాక్సిల్ పైకి మార్చిన బండ్లకు ఇది తిరగబడుతుంది. ఇనుముతోనే చేయించండి, అల్యూమినియం ముక్కలు నలిగి పగులుతాయి. సెంటర్ బోల్ట్ తల షిమ్ లోంచి యాక్సిల్ రంధ్రంలోకి దిగేంత పొడుగుండాలి. యూ బోల్టులు కొత్తవి వేయండి, కొంత దూరం నడిచాక మళ్లీ బిగించండి.

ఈ సందర్భంలో రెండు సలహాలు మీకు ఎవరో ఒకరు ఇస్తారు. ట్రాన్స్‌ఫర్ కేసును ముక్కలు పెట్టి కిందికి దించమంటారు. వెనక షాఫ్ట్ కోణం తగ్గుతుంది నిజమే, కానీ అప్పటిదాకా బాగున్న పొట్టి షాఫ్ట్ కోణం పెరుగుతుంది, అది అన్నిటికన్నా వేగంగా తిరిగేది. రెండోది డబుల్ కార్డన్ షాఫ్ట్, అంటే ఒక చివర రెండు క్రాసులు జంటగా ఉండేది. పనిచేస్తుంది, కానీ దానికి పినియన్ ముక్కు నేరుగా ట్రాన్స్‌ఫర్ వైపు చూడాలి, ఖర్చు మీ బడ్జెట్‌ను మింగేస్తుంది. రెండంగుళాల లిఫ్ట్‌కి అది అనవసరం అని నా అభిప్రాయం. షాఫ్ట్ పొడవు మాత్రం చూడండి. యాక్సిల్ దూరం జరిగినప్పుడు పళ్ల గొట్టం బయటికి లాగబడి లోపల పట్టు తగ్గుతుంది. రెండు చేతులతో పట్టి ఊపితే మధ్యలో కదలిక ఉంటే స్పేసర్ వేయించాలి.

రబ్బరు మౌంట్ల సంగతి. ట్రాన్స్‌ఫర్ కేసు మూడు రబ్బర్ల మీద ఉంటుంది, పాత జిప్సీలో ఇవి నూనె తాగి, ఎండి, ఇనుప పలక నుంచి ఊడి ఉంటాయి. పైకి బాగానే కనిపిస్తాయి. ఒక మనిషిని సీట్లో కూర్చోబెట్టి, బ్రేకు గట్టిగా తొక్కించి, మొదటి గేర్లో క్లచ్‌ను కొద్దిగా మాత్రమే వదలమనండి. మీరు బండికి ముందూ వెనకా కాకుండా పక్కన దూరంగా వంగి చూడండి. కేసు ఒక పక్క లేచి మెలితిరిగితే, లేదా టక్కున కొట్టుకుంటే మౌంట్లు మార్చాలి. బండి ఆపాక జాకీ రాడ్‌తో ఎత్తి చూసినా పగులు తెరుచుకుంటుంది. మూడూ ఒకేసారి మార్చండి. ఎగుడులో బయలుదేరేటప్పుడు బండి దడదడలాడే రోగం కూడా దీనితోనే పోతుంది.

ఇంతదాకా తేలకపోతే విడదీసే పరీక్ష. వెనక షాఫ్ట్ ఫ్లాంజ్‌లకి, ఎదురు ఫ్లాంజ్‌లకి నెయిల్ పాలిష్‌తో జత గుర్తులు పెట్టి షాఫ్ట్‌ను పూర్తిగా దించేయండి. ఫ్లాంజ్ బిగింపు కాబట్టి ఆయిల్ కారదు. ముందు హబ్‌లు (ముందు చక్రాలను యాక్సిల్‌కి కలిపే తాళాలు) లాక్ చేసి 4హెచ్‌లో (నాలుగు చక్రాలూ తిప్పే స్థానం) పెడితే జిప్సీ ముందు చక్రాలతో నడుస్తుంది. వెనక లంకె లేదు కాబట్టి పొడి రోడ్డు మీద కూడా మెలిక పడదు. తొందరపడకుండా అదే వేగానికి వెళ్లండి. వణుకు పోతే వెనక షాఫ్ట్, పినియన్లలోనే దొంగ ఉన్నాడు. ఉంటే, ఈసారి వెనకది బిగించి ముందుది దించి చూడండి. కొన్ని బండ్లకు ముందు హబ్‌లు తీసేసి ఫ్లాంజ్ బిగించేసి ఉంటారు, అలాంటి బండిలో 2హెచ్‌లో కూడా ముందు షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది, ఎవరూ దాన్ని అనుమానించరు. దించిన షాఫ్ట్‌లో క్రాసును చేత్తో అన్ని వైపులకీ వంచండి. నూనె రాసినట్టు సాగాలి, మధ్యలో గంటు తగిలినట్టు ఆగితే మార్చాలి.

ఫోన్ గ్రాఫ్‌లో షాఫ్ట్ ఒక చుట్టుకి ఒక ముల్లు వచ్చిందనుకోండి, అది బ్యాలెన్స్ లోపం. గొట్టానికి సొట్ట ఉందా, పాత బ్యాలెన్స్ ముక్క ఊడిన వెల్డింగ్ మచ్చ ఉందా చూడండి. తాత్కాలికంగా రేడియేటర్ గొట్టాలకు వేసే హోస్ క్లిప్ ఒకటి షాఫ్ట్ వెనక చివర బిగించి, స్క్రూ తల ఉండే చోటును షాఫ్ట్ చుట్టూ పావు చుట్టు చొప్పున నాలుగు స్థానాలకు మార్చి నడిపి చూడొచ్చు. ఎక్కడ తగ్గిందో అక్కడ బరువు కావాలన్నమాట. తర్వాత విజయవాడ, హైదరాబాద్, విశాఖ ఆటోనగర్లలో ఎక్కడైనా లారీ షాఫ్ట్‌లు చేసే షాపుకి షాఫ్ట్ ఒక్కటే తీసుకెళ్లండి. బండి తీసుకెళ్తే బిల్లు వేరేగా ఉంటుంది. మెషీన్ మీద తిప్పి చూపించమనండి, మీ ముందే.

పినియన్ ఫ్లాంజ్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఎత్తండి. ఏ మాత్రం కదలిక ఉన్నా బేరింగ్ పని ఉంది. తిప్పితే వచ్చే చిన్న ఖాళీ మాత్రం పళ్ల మధ్య మామూలుగా ఉండేదే. సీల్ దగ్గర తడి కూడా అనుమానించదగ్గదే. క్రౌన్, పినియన్ సెట్టింగ్ మాత్రం ఇంట్లో చేసే పని కాదు.

స్టీరింగ్ చక్రం ఎడాపెడా ఊగిపోయే రోగం పూర్తిగా వేరు. గుంటలో పడగానే మొదలై, బ్రేకు వేసి ఆగితే తప్ప ఆగనిది. అది కింగ్ పిన్ బేరింగులు, ట్రాక్ రాడ్ చివరలు, ముందు టైర్ల బ్యాలెన్స్ వల్ల వస్తుంది. మీరు అలాంటిది చెప్పలేదు కాబట్టి స్టీరింగ్ డ్యాంపర్ అమ్మజూపినా కొనకండి.

ఖర్చు చూస్తే, చెవుల వరస సరిచేయడం ఉచితం, షాకిళ్ల మార్పు ఉచితం, క్రాసులు, షిమ్ములు, షాఫ్ట్ బ్యాలెన్సింగ్ ఒక్కోటీ ఖరీదైన పనులు కావు, అన్నిట్లోకీ మౌంట్ల సెట్టు కాస్త బరువు. ఒక్కసారికి ఒక్కటే మార్చి నడిపి చూడండి, నాలుగు కలిపి మారిస్తే దేని వల్ల పోయిందో ఎప్పటికీ తెలియదు. క్రాస్ దగ్గర చేతికి ఆట తెలిసిందంటే ఆ రోజు నుంచి హైవే ఎక్కకండి, ముందు చివర తెగి పడితే షాఫ్ట్ రోడ్డులోకి గుచ్చుకుంటుంది. ఇక అనంతగిరి వైపో మారేడుమిల్లి వైపో వెళ్లి వాగు దాటి వచ్చిన ప్రతిసారీ క్రాసులకు గ్రీజు ఎక్కించే నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి, నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు బయటికి తోసుకొచ్చేదాకా కొట్టండి. మూడింటి నుంచే వస్తే నాలుగో కప్పు ఎండిపోతున్నట్టు. షాఫ్ట్‌ను ఆ వైపు కొద్దిగా వంచి పట్టుకుని మళ్లీ కొట్టండి, అప్పటికీ రాకపోతే ఆ క్రాస్ విప్పాల్సిందే.